డ్రాగన్ ఎటు నిలబడాలి

నా ఉద్యోగం పేరు అమ్మకు చెప్పిన రోజు నుంచి మా గల్లీలో నాకొక కొత్త బాధ్యత వచ్చిపడింది. సుల్తాన్ బజార్ వెనక సందులో ఉంటాం. అమ్మ రిటైరైన లెక్కల టీచరు. ఏ మాటా వృథాగా పోనివ్వదు. నేను పైప్‌లైన్ డెవలపర్‌నని చెప్పగానే దాన్ని పక్కింటికి చేరవేసింది, "మా బిడ్డ పైప్‌లైన్ల పని చేస్తది" అని. మర్నాడు పొద్దున పక్కింటి పెద్దాయన మా గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, రెండో అంతస్తుకు నీళ్లు ఎక్కుతలేవు. జర మీ సార్లకు చెప్పి ప్రెషర్ పెంచరాదు?"

సినిమాల్లో లేని పులినీ, లేని మంటనీ కంప్యూటర్‌లో తయారుచేసే కంపెనీలు ఉంటాయనీ, ఆ పని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి తప్పులు లేకుండా వెళ్లేలా చూసే సాఫ్ట్‌వేర్‌ను పైప్‌లైన్ అంటారనీ, నేను రాసేది అదేననీ వివరించాను. ఆయన ఓపికగా విన్నాడు.

"ఔ గని, నీళ్లు ఎప్పుడొస్తయ్?" అన్నాడు.

ఆయన్ని తప్పు పట్టలేను. నాకు ఆ ఉద్యోగం ఇచ్చిన ముగ్గురు యజమానులకు కూడా నేనేం చేస్తానో అంతకంటే ఎక్కువ తెలియదు.

ముగ్గురివీ మూడు చిన్న స్టూడియోలు. మొదటిది ఆబిడ్స్‌లో. దాని యజమానిని అందరూ సేట్ అనేవాళ్లు. వాళ్ల నాన్నగారిది ఫొటో స్టూడియో. ఫొటోల నుంచి పెళ్లి వీడియోలకూ, పెళ్లి వీడియోల్లో వధూవరుల మీద గులాబీ రేకులు రాలడం నుంచి గ్రాఫిక్స్‌కూ ఆ కుటుంబం మెల్లగా ఎదిగింది. రెండోది నాంపల్లి స్టేషన్ వెనక, ఒక లాడ్జి పై అంతస్తులో. దాని యజమాని సిరిసిల్ల వైపు నుంచి వచ్చి యానిమేషన్ కోర్సు చేసి సొంతంగా పెట్టుకున్నాడు. ఆయన్ని అన్న అనేవాళ్లం. రైలు వచ్చినప్పుడల్లా అక్కడ మానిటర్లు వణికేవి. అందుకే మా బొమ్మల్లో ప్రాణం ఉంటుందని ఆయన క్లయింట్లతో చెప్పేవాడు. మూడోది బేగం బజార్‌లో, హోల్‌సేల్ దుకాణం మీద. డ్రైఫ్రూట్స్ వ్యాపారం చేసే ఇంటి కోడలు ఆవిడ. పై అంతస్తు గోదాం ఖాళీ చేయించి పిల్లల కోసం దేవుళ్ల కార్టూన్లు తీయడం మొదలుపెట్టింది. ఆవిడ మేడం.

నేను మొదట అన్న దగ్గర పనిచేసేదాన్ని. అప్పుడే ముంబై కంపెనీ ఒకటి వెబ్ సిరీస్ పని తెచ్చింది. అందులో పాతాళంలోంచి ఒక డ్రాగన్ లేచి వచ్చి కోటను ముట్టడిస్తుంది. త్వరగా అవుతుందని ఆ కంపెనీ డ్రాగన్‌ను మూడు ముక్కలు చేసింది. ఒళ్లు సేట్‌కు, రెక్కలు అన్నకు, నోట్లో మంటా పొగా మేడంకు. కోట మాత్రం వాళ్లే కట్టుకున్నారు.

మూడు ముక్కలూ కలిపి చూసిన రోజు వీడియో కాల్‌లో ముగ్గురు యజమానులూ ఉన్నారు. అవతల ముంబై కంపెనీ సూపర్‌వైజర్, నడివయసు ఆవిడ, కళ్లజోడు తలమీదికి ఎత్తుకుని తెరకు దగ్గరగా వంగింది. కోట చక్కగా ఉంది. కోట మీద రెండు రెక్కలు, పెళ్లి పందిరికి కట్టిన షామియానాల్లాగా, బురుజులన్నిటినీ కప్పేసి ఉన్నాయి. వాటికి ఒళ్లు లేదు. మంట నోట్లోంచి కాకుండా గోడ మొదట్లోంచి వస్తోంది, అదీ అడ్డంగా, కిటికీ గాలికి గ్యాస్ పొయ్యి మంట వంగినట్టు. ఆవిడ కాసేపు వెతికి గోడ మీద ఒకచోట వేలు పెట్టింది.

"ఇక్కడ బల్లి ఎందుకుంది?" అని హిందీలో అడిగింది.

అది మా సేట్ చేసిన డ్రాగన్ ఒళ్లు. పక్కకు ఒరిగి పడుకుని ఉంది.

"డ్రాగనే జీ," అన్నాడు సేట్. "జర దూరం నుంచి చూస్తున్నం గద, గందుకే చిన్నగ కనవడ్తుంది."

తప్పు ఎవరిదీ కాదు. కంప్యూటర్‌లో ఏ బొమ్మ చేసినా ఒక ఖాళీలో పెట్టి చేస్తారు. ఆ ఖాళీలో ఒకటి అంటే ఎంతో ముందే అనుకోవాలి. ముంబై కంపెనీకి ఒకటి అంటే మీటరు. సేట్‌కు వంద మీటర్లు. మేడం గోదాంలో అరలు కొలిచిన అలవాటు కొద్దీ ఒకటి అంటే అడుగు అని పెట్టుకుంది. మా అన్న ఏం పెట్టాడో ఆయనకే గుర్తులేదు. ఇంకో సంగతి కూడా ముందే అనుకోవాలి. ఆ ఖాళీలో పైకి అంటే ఎటు అనేది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒక దిక్కు పైకి, కొన్నిట్లో ఇంకొకటి. ఒకరి దగ్గర నిలబడ్డది ఇంకొకరి దగ్గర పడుకుంటుంది. ముగ్గురూ వేరువేరు పైకిలు పెట్టుకుని ఎవరి ఖాళీలో వాళ్లు సుఖంగా ఉన్నారు.

ముంబై ఆవిడ కళ్లజోడు దించుకుని ఒక్క మాట చెప్పింది. ముగ్గురూ కలిసి ఒకే పైప్‌లైన్ పెట్టుకోవాలి, లేకపోతే పని వేరేవాళ్లకు పోతుంది.

ఆ మాటతో నాకు కొత్త ఉద్యోగం వచ్చింది. మా అందరి మనుషుల్లో ఫైళ్ల గొడవ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. కానీ అన్న ఆఫీసులో కూర్చుని రాస్తే పైకి అనేది అన్నకు అనుకూలంగా తిరుగుతుందని మిగతా ఇద్దరికీ అనుమానం. ఎవరిదీ కాని చోటు కావాలన్నారు. అది వెతకడానికే చాలా రోజులు పట్టింది. చివరికి ఆబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్స్‌లో గది దొరికింది. అంతకుముందు అది పళ్ల డాక్టర్ క్లినిక్. డాక్టరు అన్నీ తీసుకుపోయాడు గానీ రోగి కుర్చీ నేలలోకి బిగించి ఉండడంతో వదిలేశాడు. దాని చుట్టూ నా టేబులూ కంప్యూటర్లూ సర్దుకున్నాను.

మొదటి మీటింగ్‌కు వచ్చిన సేట్ నేరుగా వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాడు. గదిలో అదొక్కటే పెద్ద కుర్చీ. కూర్చోగానే అది వెనక్కి వాలింది. లేవడం పరువు తక్కువనుకున్నాడో ఏమో, అలాగే వాలి మాట్లాడాడు.

"చూడుండ్రి, మాది పాత కంపెనీ. మా నాయిన కాలం నుంచి మా తాన పద్ధతులు ఖరారైనయ్. పైకి అంటే మా తాన గిట్ల ఉంటది. అందరు గట్లనే పెట్టుకుంటే లొల్లి లేదు."

"గట్లెట్ల సేట్," అన్నాడు అన్న. "ఇప్పుడు మీరు పండుకుని ఉన్నరు. మీకు పైకి అంటే ఫ్యాన్ కాదు, గా కిటికీ."

"మంచిగనే చెప్పినవ్. నువ్వెట్ల పెట్టుకున్నవో నీకే యాది లేదు, నువ్వు నాకు చెప్పొస్తున్నవ్."

"యాది లేదంటే ఏంది సేట్, అలవాటైపోయింది. ఊపిరి ఎట్ల పీలుస్తున్నవ్ అంటే చెప్పగలమా?"

మేడం అప్పటిదాకా చేతిసంచి ఒళ్లో పెట్టుకుని విన్నది.

"నేనొకటే చెప్త," అన్నది. "మా దేవుళ్లు ఇన్నేండ్ల సంది నిలబడే ఉన్నరు. మీ డ్రాగన్ కోసం వాళ్లను పండుకోబెట్టాల్నా? మా అత్తమ్మ చూస్తే ఇంట్లకు రానియ్యది."

ఆ పూటకు టీ తాగి లేచాం. తర్వాత మీటింగ్‌లో అన్న ముందుగా వచ్చి పళ్ల కుర్చీలో కూర్చున్నాడు, దాంతో సేట్ నిలబడే వాదించాడు. ఆ తర్వాత మీటింగ్ మేడం వంతు. ఆవిడ కొంగు సర్దుకుని, పడుకుని, కళ్లు మూసుకుని మాట్లాడింది. వాదన మాత్రం అక్కడే ఉంది.

నేను మొదట్లో వాళ్లను ఒప్పించాలనే చూశాను. బొమ్మలు గీసి చూపించాను. ఒక అగ్గిపెట్టె తెచ్చి, దాన్ని నిలబెట్టీ పడుకోబెట్టీ ఎక్కడ తేడా వస్తుందో విడమర్చాను. ముగ్గురూ అగ్గిపెట్టెను శ్రద్ధగా చూసి, నా అగ్గిపెట్టె వాళ్ల పద్ధతినే సమర్థిస్తోందని ఎవరికి వాళ్లు అర్థం చేసుకున్నారు. అప్పుడు నాకు తట్టింది. ముగ్గురూ ఏకం కావలసిన అవసరమే లేదు. రెండు భాషలవాళ్లు మాట్లాడుకోవాలంటే ఒకరి భాష ఇంకొకరు నేర్చుకోనక్కర్లేదు. మధ్యలో దుబాసీ ఉంటే చాలు.

అలా ఒక దుబాసీని రాశాను. ఎవరి స్టూడియోలో వాళ్లు తమ అలవాటు ప్రకారమే బొమ్మ చేసి దాచుకుంటారు. అది పక్క స్టూడియోకు పోయేటప్పుడు దారిలోనే నా సాఫ్ట్‌వేర్ దాన్ని లేపి నిలబెట్టి, అక్కడి కొలతకు పెంచి గానీ తగ్గించి గానీ అప్పగిస్తుంది. తీసుకున్నవాడికి అది మొదటి నుంచీ తన పద్ధతిలోనే చేసినట్టు కనిపిస్తుంది. ఈ సంగతి మీటింగ్‌లో ముగ్గురికీ చెప్పాను.

"మీరెవ్వరూ ఏం మార్చుకోనక్కర్లేదు," అని మొదలుపెట్టాను.

ఆ తర్వాత నేను చెప్పింది ఎవరూ వినలేదు. సేట్ ఫోన్ తీసుకుని బయటికి పోయాడు. అన్న పెద్దగా నిట్టూర్చి నా వైపు చూసి మెచ్చుకోలుగా తలూపాడు. మేడం లేచి నా తలమీద చెయ్యి పెట్టింది. ‘నేను మార్చుకోనక్కర్లేదు’ అంటే మిగతా ఇద్దరూ మార్చుకుంటున్నారని ప్రతి ఒక్కరూ అర్థం చేసుకున్నారని నాకు మర్నాడు గానీ తెలియలేదు. మర్నాడు ఆబిడ్స్ నుంచి ఒక మిఠాయి డబ్బా వచ్చింది. కాసేపటికి నాంపల్లి నుంచి ఇంకొకటి. సాయంత్రం బేగం బజార్ నుంచి బాదం పిస్తా పొట్లం. నేను మూడు విజయాలూ ఇంటికి పట్టుకుపోయాను. అమ్మ వాటిలో సగం పక్కింటికి ఇచ్చింది, నీళ్ల సంగతి తేలేదాకా సర్దుకుపొమ్మని.

దుబాసీ సరిగా నడుస్తోందో లేదో పరీక్షించడానికి ఒక్కో స్టూడియో నుంచి ఒక్కొక్కర్ని పిలిచాను. అన్న దగ్గర నుంచి రెక్కలు చేసిన అమ్మాయి వచ్చింది. గద్వాల వైపు ఊరు వాళ్లది, ఇక్కడ ఒక హాస్టల్లో ఉంటుంది. ఆ డ్రాగన్ రెక్కల్లో ప్రతి మడతా ఆమె చేతిదే. ఎండలో గబ్బిలం రెక్క ఎట్లా మెరుస్తుందో తెలుసుకోవడానికి పబ్లిక్ గార్డెన్స్‌కు పోయి చెట్ల కింద గంటలకొద్దీ తలెత్తి నిలబడేదని వాళ్ల ఆఫీసులో నవ్వుకునేవారు. ఆమె తన రెక్కలను బేగం బజార్ పద్ధతిలో తెరిచి చూసింది. అటూ ఇటూ తిప్పింది. ఏ మడతా చెదరలేదు.

"అక్కా, గిది మా తాన ఉన్నట్టే ఉంది గద."

"అట్లాగే ఉండాలి. దానికోసమే ఇదంతా."

"అంటే నేను బేగం బజార్ల కూసొని చేసినా గిట్లనే వస్తదా? సేట్ కాడ కూసొని చేసినా?"

"ఎక్కడ కూర్చుని చేసినా వస్తుంది."

ఆమె మౌస్ వదిలేసి నా వైపు తిరిగింది.

"మా అన్న ఎప్పటికీ ఒకటే మాట అంటడు," అన్నది. "నీకు వచ్చింది మా పద్ధతే, నీ పని ఇంకోకాడ నడవదు, ఏడికి పోతవ్ అని. నేను గూడ నిజమే అనుకున్న."

నా తలలో చాలా రోజులుగా తిరుగుతున్న ప్రశ్న ఒకటి ఆగింది. ముగ్గురు తెలివైన మనుషులు ఒక దిక్కు గురించి ఎందుకంత పట్టుబట్టారా అనుకునేదాన్ని. వాళ్లు పట్టుకున్నది దిక్కును కాదు. ఒక చోట నేర్చిన పని ఇంకో చోట పనికిరాకుండా ఉంటే మనుషులు కదలరు. పైకి అంటే ఎటో వేరుగా ఉండడం వాళ్లకు ప్రహరీగోడ లాంటిది. అది ఇంతకుముందు వాళ్లకే తెలుసో లేదో చెప్పలేను. గోడకు అలవాటు పడ్డవాడు గోడ గురించి ఆలోచించడు.

పని నడవసాగింది. డ్రాగన్ నిలబడింది, రెక్కలు భుజాలకు అతుక్కున్నాయి, మంట నోట్లోంచే వచ్చింది. అది చూడటానికి ముంబై ఆవిడ స్వయంగా వచ్చింది. క్లినిక్ గదిలో ముగ్గురూ ఆవిడకు గౌరవంగా పళ్ల కుర్చీ చూపించారు. ఆవిడ దాన్ని ఒకసారి చూసి, నిలబడే ఉంటానన్నది. డ్రాగన్‌ను రెండుసార్లు చూసి సంతోషించింది. తర్వాత మామూలుగా అడిగింది, చివరికి ఎవరి పద్ధతి ప్రామాణికంగా పెట్టుకున్నారు అని.

"మాది," అన్నాడు సేట్.

"మాది," అన్నాడు అన్న.

"మాదే," అన్నది మేడం.

మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ముగ్గురూ ముందు ఒకళ్లనొకళ్లు చూసుకుని, తర్వాత నన్ను చూశారు. మీటింగ్‌లో చెప్పిందే మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి ఎవరూ బయటికి పోలేదు. ఎవరూ మారలేదు, మధ్యలో దుబాసీ మాత్రమే ఉంది అన్నాను. తమ పద్ధతి ఓడిపోయిందని ఎవరికీ బాధ లేదు, ఎందుకంటే ఎవరిదీ ఓడలేదు. మిగతా ఇద్దరూ ఓడలేదన్నదే వాళ్లకు కష్టంగా ఉంది.

"గా దుబాసీని బంద్ చేసి చూపియ్," అన్నాడు సేట్. "అసలు సంగతి తేలుతది."

బంద్ చేశాను. కోట మీద షామియానాలు పరుచుకున్నాయి. మంట అడ్డంగా మండింది. గోడ మీద బల్లి ఒరిగి పడుకుంది. ముంబై ఆవిడ నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది.

"చాలు బేటా," అన్నాడు సేట్ మెల్లగా. "ఆన్ చెయ్."

కొన్నాళ్లు ముగ్గురూ నాతో అంటీముట్టనట్టు ఉన్నారు. పని ఆగలేదు కాబట్టి కోపం కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. సిరీస్ వచ్చింది. ముగ్గురూ ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టుకుని చూశారట. డ్రాగన్ సీను రాగానే కోట గోడ మీద ఒక పెద్ద నీడ పాకింది, గుర్రాలు బెదిరాయి, సీను అయిపోయింది. చూపించకపోతేనే భయం ఎక్కువ అని దర్శకుడు చివర్లో అనుకున్నాడట. నీడ అయిన తర్వాత దానికి పైకి ఎటన్నది ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత నెలలోనే రెక్కల అమ్మాయి నాంపల్లి మానేసి బేగం బజార్‌లో చేరింది. జీతం పెంచమని అన్నను అడిగింది, ఆయన ఎప్పటి మాటే అన్నాడు, ఆమె సరే అని లేచి వచ్చేసింది. సోమవారం నుంచే మేడం దగ్గర దేవుళ్ల వాహనాలకు రెక్కలు చేస్తోంది, ఒక్క రోజు కూడా నేర్చుకోవలసిన పని లేకుండా. వారం తిరగకముందే సేట్ దగ్గర ఒళ్లు చేసే ఇద్దరు నాంపల్లికి పోయారు. మేడం దగ్గర పొగ చేసే అబ్బాయి ఆబిడ్స్‌కు వచ్చాడు. అప్పుడు యజమానులు ముగ్గురికీ ఒకేసారి జ్ఞానోదయమైంది.

అత్యవసర మీటింగ్ పెట్టారు. నేను ఆ గదిలో చూసిన మీటింగులన్నిటిలో వాళ్లు మొదటిసారి ఒకే మాట మీదున్నది దానిలోనే.

"తాళం పెట్టాలె," అన్నాడు అన్న. "ఒకల మనిషి ఇంకొకల కాడ పనిచేస్తే సాఫ్ట్‌వేర్ తెరుచుకోవద్దు."

"ఔ, గది న్యాయం," అన్నాడు సేట్.

"జల్ది పెట్టు అమ్మా," అన్నది మేడం.

నేను కాగితం ముందుకు లాక్కుని అడిగాను. "పెడతాను. మరి ఎవరు ఎవరి మనిషో ఎవరు తేల్చాలి? రెక్కల అమ్మాయి ఇప్పుడు ఎవరి మనిషి?"

"మా మనిషి," అన్నాడు అన్న. "పని నేర్పింది నేను."

"జీతం ఇస్తున్నది నేను," అన్నది మేడం. "మా మనిషే."

"గట్లయితే మా పోరగాళ్లను ఇద్దరిని ముందు వాపస్ పంపు," అన్నాడు సేట్ అన్నతో.

"వాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చిన్రు సేట్. నేను పిలువలే."

"తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?" అని కూడా అడిగాను. అది అడగకుండా ఉంటే ఆ మీటింగ్ ఆ పూటే ముగిసేది. తర్వాత ఆ విషయం మీద చాలా మీటింగులు జరిగాయి. ఒకసారి ముగ్గురికీ మూడు తాళంచెవులు అనుకున్నారు, అప్పుడు తాళం దేనికని వాళ్లే వదిలేశారు. నాకు ఎవరూ ఖరారుగా ఏదీ చెప్పలేదు. ఖరారుగా చెప్పనిది సాఫ్ట్‌వేర్‌లో రాయలేను. ఇప్పటికీ తాళం లేదు.

రెక్కల అమ్మాయి ఏడాదికి పైగా బేగం బజార్‌లో చేసింది. తర్వాత అన్నే తిరిగి రమ్మని కబురు పెట్టాడు. తన కింద నలుగురు ఉండాలని, ఎవరెవరో తానే ఎంచుకుంటానని, మధ్యాహ్నం పూట ఎండలో గబ్బిలాలను చూడటానికి పోతే ఎవరూ అడగకూడదని ఆమె చెప్పింది. ఆయన అన్నిటికీ ఒప్పుకున్నాడు. మొన్న ఏదో పని మీద నాంపల్లి వెళ్తే ఆఫీసులో కొత్త క్లయింట్లు ఉన్నారు. అన్న వాళ్లకు స్టూడియో అంతా తిప్పి చూపిస్తున్నాడు. ఆమె టేబుల్ దగ్గరికి రాగానే ఆగి, కుర్చీ వీపు మీద చెయ్యి వేసి చెప్పాడు.

"మా చెల్లె. మొదటి సంది మా తాన్నే ఉంది. యాడికీ పోలే."

ఆమె తెర మీద నుంచి చూపు తిప్పకుండా తలూపింది.